తెలంగాణ శకుంతల: ఒక పేరు, ఒక మాండలికం, తెలుగు తెర

తెలుగు సినిమా చరిత్ర రచన ఎక్కువగా నాయకానాయికల చుట్టూ, దర్శకుల చుట్టూ, నిర్మాణ సంస్థల చుట్టూ సాగింది. అత్తగా, తల్లిగా, పక్కింటి ఇల్లాలిగా, ఊరి పెద్దమ్మగా నాలుగైదు సన్నివేశాలలో కనిపించి వెళ్లే నటీమణులకు ఆ రచనల్లో దక్కింది తారాగణం జాబితాలో ఒక స్థానం మాత్రమే. అయితే ఒక భాష తెరమీద ఎలా వినిపించింది, ఏ మాండలికానికి ఏ పాత్రలు దక్కాయి అన్న ప్రశ్నలు వేసినప్పుడు నాయికల కంటే ఈ క్యారెక్టర్ నటీమణుల జీవితాలే ఎక్కువ ఆధారాలు అందిస్తాయి. నాయిక మాట తరచు అరువు గొంతుతో వచ్చింది. ఆమె భాషకు ఊరూ పేరూ లేకుండా చేయడమే చాలాకాలం చిత్రరంగంలో ఆనవాయితీ. ఊరూ వాడా తెలిసే మాట మిగిలింది సహాయపాత్రలకే.

ఈ దృష్టితో చూసినప్పుడు తెలంగాణ శకుంతల నటజీవితం ప్రత్యేక పరిశీలనకు అర్హమైనది. ఒక ప్రాంతం పేరే ఇంటిపేరుగా స్థిరపడిన నటి ఆమె. ఆ ప్రాంతం ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 2014 జూన్ 2న. ఆమె హైదరాబాదు శివార్లలోని కొంపల్లిలో గుండెపోటుతో కన్నుమూసింది అదే నెల 14న. ఆమె తెరజీవితం సుమారు మూడున్నర దశాబ్దాలు. ఈ కాలంలో తెలంగాణ పలుకు తెలుగు సినిమాలో ఏయే స్థానాల్లో నిలబడిందో, ఎక్కడ నిలబడలేకపోయిందో ఆమె పాత్రల వరుసలోనే చాలావరకు కనిపిస్తుంది.

పేరు వెనుక కథ

కడియాల శకుంతల 1951లో మహారాష్ట్రలో జన్మించింది. మాతృభాష మరాఠీ. తెలుగు ఆమె పెరిగి పెద్దయ్యాక నేర్చుకున్న భాష. రంగస్థలంపై నటించి, అక్కడి నుంచి సినిమాకు వచ్చింది. తెలంగాణ మాటతీరును ఆమె ఎంతగా సొంతం చేసుకుందంటే ప్రేక్షకులు ఆమెను ఆ నేల బిడ్డగానే ఎరిగారు.

తెలుగు నటుల పేర్లకు ఊరి పేర్లు చేరడం కొత్త కాదు. కాకినాడ శ్యామల, వైజాగ్ ప్రసాద్ వంటి పేర్లు ఇందుకు ఉదాహరణ. ఈ పేర్లలో ముందుమాట ఒక పట్టణం. ఆ మనిషి ఎక్కడివాడో, ఏ ఊరి నాటకరంగం నుంచి వచ్చాడో చెప్పడానికి అది గుర్తు. శకుంతల విషయంలో ముందుమాట పట్టణం కాదు, అనేక జిల్లాల ప్రాంతం. అది ఆమె పుట్టుకను కాక ఆమె మాటను సూచిస్తుంది. "ఈమె ఫలానా చోటి నుంచి వచ్చింది" అని చెప్పవలసిన పేరు "ఈమె ఫలానా విధంగా మాట్లాడుతుంది" అని చెప్పింది. సూర్యకాంతంతో పోల్చి చూస్తే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. 1924లో కాకినాడ ప్రాంతంలో పుట్టి, 'సంసారం' (1950) మొదలు గయ్యాళి పాత్రలకు మారుపేరైన సూర్యకాంతం విషయంలో వ్యక్తి పేరే పాత్రగా మారింది. ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికి జనం జంకారన్న మాట ఇప్పటికీ ప్రచారంలో ఉంది. సూర్యకాంతం మాట్లాడింది గోదావరి తీరపు ఇంటి తెలుగే అయినా ఆమెను 'గోదావరి సూర్యకాంతం' అని ఎవరూ అనలేదు. ఆ మాటకు ముందు విశేషణం అవసరమని ఎవరికీ తోచలేదు. ఏ మాండలికానికి గుర్తింపు చీటీ తగిలించాలి, దేనికి తగిలించనక్కరలేదు అన్న తేడాలోనే భాషా రాజకీయం ఇమిడి ఉంది.

మరాఠీ మాట్లాడే స్త్రీ తెలంగాణ పలుకును ఇంత సులువుగా ఎలా పట్టుకోగలిగింది అన్న ప్రశ్నకు సగం జవాబు ఆమె ప్రతిభ, సగం చరిత్ర. హైదరాబాదు రాజ్యపు పదహారు జిల్లాలలో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. 1956 వరకు ఈ మూడు భాషలూ ఉర్దూ పాలనాభాషగా ఉన్న ఒకే గొడుగు కింద బతికాయి. సంతల్లో, కచేరీల్లో, మిల్లుల్లో ఒకదానికొకటి వినిపిస్తూ వచ్చాయి. తెలంగాణ తెలుగుకు దక్కనీ ఉర్దూతోనూ సరిహద్దు భాషలతోనూ ఉన్న ఈ దీర్ఘపరిచయం అక్కడి ఉచ్చారణలోనూ పదజాలంలోనూ నిలిచి ఉంది. పొరుగు భాష నుంచి వచ్చిన చెవికి పుస్తకాల తెలుగు కంటే ఈ తెలుగు దగ్గరగా వినిపించడంలో వింత లేదు.

'మా భూమి': మాట జనం వైపు ఉన్నప్పుడు

శకుంతల తొలి చిత్రాల్లో ముఖ్యమైనది 'మా భూమి'. 1979లో నిర్మితమైన ఈ చిత్రానికి దర్శకుడు గౌతమ్ ఘోష్, నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం నేపథ్యంగా కృష్ణచందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దీనికి ఆధారం. దర్శకుడు బెంగాలీ, మూలరచన ఉర్దూ, నటీమణుల్లో ఒకరు మరాఠీ. తెలంగాణ గ్రామాన్ని ఆ గ్రామపు మాటతోనే చూపిన చిత్రం ఇలా నాలుగు భాషల కూడలిలో తయారు కావడం ఆశ్చర్యమే. మాండలికంపై హక్కు పుట్టుకతోనే వస్తుందని వాదించేవారు ఈ చిత్రాన్ని ఒకసారి గుర్తు చేసుకోవలసి ఉంటుంది.

'మా భూమి'లో తెలంగాణ పలుకు ఒక పాత్రకు అంటించిన గుర్తు కాదు. కూలివాడి మాట, దొర మాట, ఉద్యమకారుడి మాట, గడీలో పనిచేసే ఆడదాని మాట అన్నీ ఆ ప్రాంతపువే. అందరూ ఒకే మాండలికం మాట్లాడే చోట మాండలికం వినోదవస్తువు కాలేదు. ప్రేక్షకుడు మాటతీరును పక్కనపెట్టి మాటనే వింటాడు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారు, ఎవరి ముందు ఎవరి గొంతు తగ్గుతోంది, ఎప్పుడు లేస్తోంది అన్నదే అక్కడ అర్థాన్ని మోస్తుంది. శకుంతల తెరజీవితం ఇటువంటి చోట మొదలు కావడం ముఖ్యమైన విషయం. తర్వాతి పాత్రల్లో ఈ వెసులుబాటు ఆమెకు అరుదుగా దొరికింది.

ఇక్కడ సాహిత్యంతో పోలిక ఒకటి చెప్పుకోవాలి. తెలంగాణ స్త్రీ మాటకు కథాసాహిత్యంలో అప్పటికే గౌరవనీయమైన స్థానం ఉంది. పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' 1973లో వెలువడింది. పాలమూరు ప్రాంతపు పెద్దవయసు స్త్రీల ముచ్చట, సామెత, దెప్పు, దుఃఖం అందులో ఏ వివరణా లేకుండా నడుస్తాయి. ఆ కథల్లోని స్త్రీ గట్టిగా మాట్లాడుతుంది, తిడుతుంది కూడా. అయితే ఆమె తిట్టు వెనుక కుటుంబం, పొలం, పండుగ, చావు, అన్నీ ఉన్నాయి. కథకురాలు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి విన్నది. సినిమా ఈ స్త్రీని చూసినప్పుడు తిట్టును తీసుకుని తక్కినదాన్ని వదిలేసింది.

తెర మాండలికం ఎలా తయారైంది

భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం (మొదటి సంపుటం 1962) తెలుగుదేశాన్ని పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించింది. తెలంగాణ ఉత్తర మండలం. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మధ్య మండలపు తెలుగే పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు, మద్రాసులో పుట్టిన సినిమాకు ప్రమాణంగా స్థిరపడింది. 1970ల నుంచి చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలింది. అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైంది. స్టూడియోలు వచ్చాయి, నటులు వచ్చారు, సాంకేతిక నిపుణులు వచ్చారు. తెర భాష మాత్రం తాను విడిచి వచ్చిన మధ్య మండలంలోనే ఉండిపోయింది. పరిశ్రమ తెలంగాణ రాజధానికి చేరింది గానీ తెలంగాణ మాట పరిశ్రమలోకి చేరలేదు. చేరినంత మేర పక్కవాకిలి నుంచి చేరింది.

ఆ పక్కవాకిలి పేరు క్యారెక్టర్ పాత్ర. తెర మీది 'తెలంగాణ మాట' కొన్ని గుర్తుల మూటగా తయారైంది. 'వచ్చాడు'కు బదులు 'వచ్చిండు', 'అలా'కు బదులు 'గట్ల', 'ఏమిటి'కి బదులు 'ఏంది', మధ్యలో హైదరాబాదీ దక్కనీ నుంచి ఒక 'బే'. కరీంనగర్ మాటకూ నల్లగొండ మాటకూ మహబూబ్‌నగర్ మాటకూ ఉన్న తేడా ఈ మూటలో లేదు. బంధువాచకాలలోని ఆప్యాయత, 'బిడ్డా' అని పిలవడంలోని కాపు, సామెతల జోరు దాదాపు లేవు. సంభాషణా రచయితలు ప్రామాణిక తెలుగులో వాక్యం రాసి చివర క్రియను మాత్రం మార్చిన తీరు చాలా చిత్రాల్లో వినగానే పసిగట్టవచ్చు. క్రియ తెలంగాణది, వాక్యం కృష్ణాజిల్లాది.

ఇటువంటి అరకొర సంభాషణకు ప్రాణం పోసే భారం నటి మీద పడింది. శకుంతల బలం ఇక్కడే. కాగితం మీద ఉన్నది నాలుగు గుర్తులే అయినా ఆమె వాక్యపు లయను మార్చేది. అచ్చును సాగదీయడం, వాక్యం చివర గొంతు దించకుండా ఎత్తి ఆపడం, ఒక మాటకు మరో మాటకు నడుమ చూపుతో ఒక విరామం ఇవ్వడం. తెలంగాణ మాట అంటే ప్రత్యయాలు మాత్రమే కాదు, ఊపిరి తీసుకునే తీరు కూడా అని చెవితో గ్రహించిన నటనం ఆమెది. భాషాశాస్త్ర గ్రంథాలు మాండలిక స్వరభారాన్ని నమోదు చేసినది తక్కువ. ఆ లోటును కొంత పూరించగల సామగ్రి ఇటువంటి నటీమణుల పాత్రలలో ఉంది.

తేజ దర్శకత్వంలో వచ్చిన 'నువ్వు నేను' (2001) ఈ విషయంలో మంచి ఉదాహరణ. ధనికుడి కొడుకుకూ పాలవ్యాపారం చేసే కుటుంబపు అమ్మాయికీ మధ్య ప్రేమకథ అది. నాయిక ఇంటివారు తెలంగాణ పలుకు పలుకుతారు. శకుంతల ఆ ఇంటి మనిషి. వర్గభేదం ఈ చిత్రంలో భాషాభేదంగా వినిపిస్తుంది. డబ్బున్న ఇంటిది ప్రామాణిక తెలుగు, పశువుల కొట్టం ఉన్న ఇంటిది తెలంగాణ తెలుగు. రచయితలు దీన్ని సిద్ధాంతంగా పెట్టుకుని రాసి ఉండకపోవచ్చు. అనుకోకుండా చేసినదే అయితే అది మరింత ఆలోచించదగినది. అలవాటు ఎంత లోతుకు పోయిందో అది చెబుతుంది.

తూర్పు దారి: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్

ఈ సంభాషణలను విన్న ప్రేక్షకుడు ఎవరు అన్న ప్రశ్నకు హైదరాబాదు తూర్పు భాగం తగిన జవాబిస్తుంది. మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చేరే రహదారి విజయవాడ జాతీయ రహదారే. లాల్‌బహదూర్ శాస్త్రి పేరున్న ఎల్.బి.నగర్ కూడలి దగ్గర నాగార్జునసాగర్ దారి దక్షిణంగా చీలుతుంది. నల్లగొండ, ఖమ్మం జిల్లాల బస్సూ, కృష్ణా, గుంటూరు జిల్లాల బస్సూ నగరంలోకి అడుగుపెట్టేది ఈ దారినే. వచ్చినవారిలో చాలామంది దిగినచోటే స్థిరపడ్డారు. ఉద్యోగుల కాలనీలు, పోటీపరీక్షల శిక్షణకేంద్రాలు, వాటిని ఆనుకుని వసతిగృహాలు, కర్రీ పాయింట్లు, పాతపుస్తకాల దుకాణాలు, కోణార్క్, వెంకటాద్రి వంటి సినిమాహాళ్లు. ఈ నేల మీద ఉత్తర మండలపు తెలుగూ మధ్య మండలపు తెలుగూ ఒకే మెట్ల మీద ఎదురుపడ్డాయి. ఇంటి యజమాని ఒక తెలుగు, అద్దెకున్నవాడు మరో తెలుగు. పాఠం చెప్పేది ఒక తెలుగు, బెంచీ మీద కూర్చుని రాసుకునేది మరో తెలుగు.

అటువంటి హాలులో శకుంతల తెరమీదికి రాగానే లేచే నవ్వు ఒక్కటి కాదు. ఒక నవ్వు తమ ఇంటి మాట తెర మీద విన్న సంతోషం. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి మేనత్త గొంతు వినిపించింది. రెండో నవ్వు వింతను చూసిన నవ్వు. ఈ రెండు నవ్వులూ ఒకేసారి లేచినప్పుడు మొదటి నవ్వు కాసేపటికి సంకోచంగా మారడం సహజం. ఎవరితో కలిసి నవ్వుతున్నామో, ఎవరిని చూసి నవ్వుతున్నారో అన్న అనుమానం అక్కడ మొదలవుతుంది. తమ మాటను తరగతిగదుల్లోనూ తెరమీదా ఎగతాళి చేశారన్నది తెలంగాణ ఉద్యమ సాహిత్యంలో పదే పదే వినిపించిన ఫిర్యాదు. కాళోజీ నారాయణరావు బడిలో నేర్పే భాషకూ జనం పలికే భాషకూ మధ్య నిలబెట్టిన వ్యత్యాసం ఆ ఫిర్యాదుకు ముందుతరం వేసిన పునాది. ఎల్.బి.నగర్ కూడలి ఈ చరిత్రలో మరో కారణం చేత కూడా నిలిచిపోయింది. 2009 నవంబరు 29న శ్రీకాంతాచారి ప్రత్యేక రాష్ట్రం కోసం నిప్పంటించుకున్నది అక్కడే. డిసెంబరు 3న ఆయన మరణించాడు. ఆ తర్వాతి నెలల్లో చిత్రీకరణలకూ కొన్ని చిత్రాల ప్రదర్శనలకూ ఉద్యమకారులు అడ్డుతగిలినప్పుడు, సినిమా భాష మీద పేరుకున్న కోపానికి అందులో పాత్ర లేదనలేము.

ఈ తూర్పు దారికి టెలివిజన్‌తో కూడా సంబంధం ఉంది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఉన్న రామంతాపూర్ దిల్‌సుఖ్‌నగర్‌కు పొరుగు. 1995లో ఈటీవీ ప్రసారాలు మొదలైనాక, 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ హయత్‌నగర్ దాటాక ఇదే రహదారి మీద ఉంది. నగరం పడమటి దిక్కున కృష్ణానగర్, యూసుఫ్‌గూడలలో ఉండే నటీనటులు తెల్లవారుజామున ఎల్.బి.నగర్ మీదుగా చిత్రీకరణకు పోవడం ఒక వృత్తిజీవన దృశ్యంగా స్థిరపడింది. టెలివిజన్ క్యారెక్టర్ నటికి రోజువారీ పనిని ఇచ్చింది. సినిమాలో నాలుగు సన్నివేశాలు ఉన్న అత్తకు ధారావాహికలో నాలుగు సంవత్సరాల బతుకు దొరికింది. అయితే ధారావాహికల అత్త దాదాపు ఎప్పుడూ ప్రామాణిక తెలుగే మాట్లాడింది. తెలంగాణ మాట అక్కడ పనిమనిషికో, వంటవాడికో మిగిలింది.

టెలివిజన్ మరో పని కూడా చేసింది. పాత సినిమాలను హాస్య సన్నివేశాలుగా కత్తిరించి మళ్లీ మళ్లీ చూపింది. కొత్తతరం ప్రేక్షకుడు శకుంతలను ఎక్కువగా చూసింది ఈ ముక్కల్లోనే. కథలో ఆ స్త్రీ ఎందుకు అరుస్తుందో ముక్కలో ఉండదు, అరుపు మాత్రం ఉంటుంది. 'మా భూమి' ముక్కలకు లొంగే చిత్రం కాదు. అందువల్ల ఆమె నటజీవితపు మొదటి భాగం క్రమంగా కనుమరుగై, రెండో భాగమే ఆమె మొత్తం అయిపోయింది.

సీమ తల్లి, తమిళ అక్క

2003 జనవరి శకుంతల నటజీవితంలో కీలకమైన నెల. ఒకే నెలలో రెండు భాషల్లో రెండు పెద్ద చిత్రాలు వచ్చాయి. గుణశేఖర్ దర్శకత్వంలో వచ్చిన 'ఒక్కడు'లో ఆమె కర్నూలు ముఠానాయకుడు ఓబుల్‌రెడ్డి తల్లి. ప్రకాశ్‌రాజ్ పోషించిన ఆ కొడుకు పంతానికి అండగా నిలిచే తల్లి పాత్ర అది. ధరణి దర్శకత్వంలో విక్రమ్ నటించిన తమిళ చిత్రం 'ధూళ్'లో ఆమె స్వర్ణక్క. మనుషులను శాసించే ప్రతినాయిక.

ఈ రెండు పాత్రల్లో ఏదీ తెలంగాణ స్త్రీ కాదు. 'ఒక్కడు'లో ఆమె మాట దక్షిణ మండలానిది, రాయలసీమది. 'వచ్చిండు' స్థానంలో 'వచ్చినాడు', 'ఏంది' స్థానంలో 'ఏమి'. ఒక మాండలికంతో ముద్రపడిన నటిని వేరొక మాండలికపు పాత్రకు ఎంచుకోవడంలో పరిశ్రమ లెక్క బయటపడుతుంది. ఆమె నుంచి వారు కోరింది తెలంగాణతనం కాదు, ప్రమాణానికి బయట ఉన్నతనం. సీమ అయినా తెలంగాణ అయినా మధ్య మండలం చెవికి రెండూ కరకుగానే వినిపించాయి. ఆ కరకుదనాన్ని ఒక ఆడగొంతులో పెట్టగలిగితే అదే భయం, లేదా అదే హాస్యం. తమిళంలో అయితే ఏ తెలుగు మాండలికానికీ తావు లేదు. అయినా స్వర్ణక్క తమిళ ప్రేక్షకులకు గుర్తుండిపోయింది. ముఖం, కళ్లు, నిలబడే తీరు, మాటకు ముందు మౌనం. శకుంతల శక్తి మాండలికంలో మాత్రమే ఉందన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క పాత్ర తోసిపుచ్చుతుంది. ఆమెను ఒక యాసకు కుదించిన తెలుగు పరిశ్రమ కంటే ఆ యాస తెలియని పొరుగు పరిశ్రమ ఆమెలోని నటిని ఎక్కువగా చూసిందేమో.

పురుషుల విషయంలో ఈ లెక్క కాస్త వేరుగా నడిచింది. 'ముత్యాల ముగ్గు' (1975)లో రావు గోపాలరావు గోదావరి మాటతో దుష్టత్వం ఒలికించినప్పుడు ఆ సంభాషణలు గ్రామఫోన్ రికార్డుగా ఇంటింటా మోగాయి. అక్కడ మాండలికం ఒక విలాసం, ఒక దర్జా. కృష్ణా జిల్లా కంకిపాడుకు చెందిన కోట శ్రీనివాసరావు 'గణేష్' (1998)లో తెలంగాణ పలుకుతో ప్రతినాయకుడిగా మెప్పించినప్పుడు అది ఆయన బహుముఖ ప్రజ్ఞకు నిదర్శనమైంది. ఆయన మరుసటి చిత్రంలో మరో మాండలికంతో కనిపించవచ్చు, ఎవరూ ఆయనను 'తెలంగాణ కోట' అనరు. ఇద్దరూ ఆ మాండలికాన్ని నేర్చుకున్నవారే. ఒకరికి అది వేసుకుని విప్పగలిగే వేషం. మరొకరికి అది పేరు ముందు శాశ్వతంగా కూర్చున్న ముద్ర. నటుడి మాండలికం నైపుణ్యంగా, నటి మాండలికం స్వభావంగా లెక్కకు రావడం యాదృచ్ఛికం కాదు. గట్టిగా మాట్లాడే పురుషుడు కథలో అధికారి, గట్టిగా మాట్లాడే స్త్రీ గయ్యాళి. దానికి ప్రాంతపు మాట తోడైతే గయ్యాళితనం ఆ ప్రాంతానికే అంటుకుంటుంది.

ఈ ముద్రను శకుంతల ఇష్టపడిందా అన్న ప్రశ్నకు సమాధానం ఆమె పనిలోనే వెతకాలి. వచ్చిన పాత్రలను వదులుకోలేదు. క్యారెక్టర్ నటికి వదులుకునే వెసులుబాటు తక్కువ. కానీ ఇచ్చిన పాత్రను ఎప్పుడూ బెదురుగా చేయలేదు. హాస్యం కోసం రాసిన స్త్రీకి కూడా తాను హాస్యాస్పదురాలినన్న స్పృహ లేకుండా చేసింది. తెర మీద ఆమె ఎవరినో నవ్వించడానికి మాట్లాడుతున్నట్టు ఉండదు, తనకు కోపం వచ్చి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పాత్ర గౌరవాన్ని కాగితం కాపాడనప్పుడు నటి కాపాడింది.

2014 తర్వాత

ఆమె నటించిన 'పాండవులు పాండవులు తుమ్మెద' 2014 జనవరి నెలాఖరున విడుదలైంది. ఆమె చివరి చిత్రాల్లో అదొకటి. రాష్ట్రం ఏర్పడ్డాక కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. సినిమా నెమ్మదిగా కదిలింది. 'ఫిదా' (2017)లో బాన్సువాడ అమ్మాయి భానుమతి తెలంగాణ మాట మాట్లాడుతూనే నాయికగా నిలిచింది. ఆ పాత్ర వేసిన సాయిపల్లవి కూడా ఆ మాటను నేర్చుకుని పలికినదే. మాతృభాష కాని మాండలికాన్ని పట్టుకున్న నటి అన్న విషయంలో ఆమె శకుంతలకు వారసురాలు. దక్కిన ఫలితంలో మాత్రం కాదు. ఆమె పేరు ముందు ప్రాంతం చేరలేదు, చేరవలసిన అవసరమూ రాలేదు. 'మల్లేశం' (2019), 'బలగం' (2023) వచ్చేనాటికి మొత్తం ఊరే ఆ మాట మాట్లాడింది. చావు ఇంట్లో ఏడ్చే కూతురూ, అలిగే అల్లుడూ, తగువు తీర్చే పెద్దమనిషీ అందరూ ఒకే పలుకులో ఉన్నారు. నలభై ఏళ్ల కింద 'మా భూమి'లో ఉన్న స్థితి అదే.

నడుమ గడిచిన కాలమంతా తెలంగాణ ఆడమాటను తెర మీద ఆరకుండా ఉంచిన కొద్దిమందిలో శకుంతల ముందువరుసలో ఉంటుంది. వక్రీకరించిన రూపంలోనైనా ఆ మాట అక్కడ ఉన్నది ఆమె వంటివారి వల్లనే. ఆమె చేసిన పాత్రలను పాత్రలవారీగా, సంభాషణల లిఖితప్రతులతో సహా సేకరించి, క్రియారూపాలనూ సంబోధనలనూ స్వరభారాన్నీ నమోదు చేసే పని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగినది. పదకోశం రైతునూ నేతపనివారినీ అడిగి పదాలు రాసుకుంది. సినిమాహాలు బయట నిలబడి రాసుకోవలసినవి ఇంకా మిగిలి ఉన్నాయి.